ఎల్లుండి పలక

రోజు 1

నాకు డెబ్భై ఏళ్ళు. ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. ఈ ఎర్రపాలెంలో గాలి పీలుస్తున్న పెద్దవాళ్ళలో సగం మందికి ఎక్కాలు నేర్పింది నేనే. నేర్పకుండా ఉండాల్సిందని ఈమధ్య అనిపిస్తోంది.

ఈ రాత నిషిద్ధం. చదివేవాళ్ళెవరో ముందే తలుపు గడియ పెట్టుకోండి. పొద్దున కూత మోగగానే ప్రతి ఇంటివాళ్ళూ గుమ్మం పక్క పలకను తడిగుడ్డతో తుడవాలి. ఊరికి ఊపిరాడించే గాలిరాట్నం నిన్న ఆ ఇంట్లో ఎవరు తొక్కారు, ఎవరు తొక్కలేదు అన్నదంతా ఆ గుడ్డతో పోతుంది. ఎదురైనవాళ్ళతో "కొత్త పొద్దు" అనాలి. నిన్నటి ఊసెత్తితే అది వెనకమాట. పిల్లలాడితే మూతి మీద ఒకటి పడుతుంది. పెద్దలాడితే ముప్పై రోజులు ఊళ్ళో ఎవరూ వాళ్ళతో మాట్లాడరు. మా తాతల కాలంలో రెండో రాట్నం దగ్గర "నిన్న నేనెక్కువ తొక్కాను" అని ఎవరో అంటే, అది గునపాల దాకా వెళ్ళి ముగ్గురు పోయారట. అప్పటినుంచీ ఈ తుడుపు. మంచి ఆచారమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేనూ బుద్ధిగా తుడిచాను.

నా పరుపులో నూట పది పాత జవాబు పత్రాలున్నాయి. వెనకవైపు ఖాళీ. పట్టుబడితే ముప్పై రోజులు నాతో ఎవరూ మాట్లాడరు. అది నాకు శిక్షో ఊరికి సెలవో తేల్చడం కష్టం.

సంగతి ఇది. ఈ ఏడు పొడిజ్వరం మా వీధంతా తిరిగింది. అందరికీ తొమ్మిది రోజుల్లో తగ్గింది. నాకూ తగ్గింది. జ్వరంతోపాటు నేనూ తగ్గిపోయాను. పొద్దున లేస్తే, రాత్రంతా ఎవరో నన్ను ఉతికి పిండి ఆరెయ్యడం మర్చిపోయినట్టుంటుంది. నా వంతు గంటా నా మనవరాలు హైమ తొక్కుతోంది. దాని వంతు కాక.

ఈ పొద్దు వైద్యాధికారి కోదండం వచ్చాడు. వాడికి యాభై దాటాయి, బొజ్జ వచ్చింది, అయినా నా ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు. ఎనిమిదో తరగతి నా దగ్గరే చదివాడు.

"ఈ పొద్దు ఏం చేశారు టీచర్ గారూ?"

"ఏమీ చెయ్యలేదు."

"మరి అలసట ఎందుకు?"

"అది నువ్వు చెప్పాలి. డాక్టరువి నువ్వా నేనా?"

"పని చేస్తేనే కదండీ అలసట. పని లేనప్పుడు వచ్చేది బద్ధకం. మిమ్మల్ని అనడం లేదు, మామూలుగా చెబుతున్నా. నాలుగడుగులు వేస్తే అదే పోతుంది."

నాడి చూశాడు. కళ్ళు చూశాడు. ఊపిరి విన్నాడు. అన్నీ బాగున్నాయట. పలక మీద "బాగుంది" అని రాశాడు. ఇలాగే ఉంటే ఇంట్లోవాళ్ళ సాక్ష్యం తీసుకుని పట్టుదలశాలకు పంపాల్సొస్తుందని, తల వంచుకుని, ఎంతో మర్యాదగా బెదిరించి వెళ్ళాడు.

పట్టుదలశాలంటే, తొక్కలేమన్నవాళ్ళ చేత రోజూ తొక్కించే చోటు. ప్రతి పొద్దూ కొత్త పొద్దే కాబట్టి ప్రతి పొద్దూ పూర్తి గంట. అక్కడ ఎన్నాళ్ళున్నా మొదటి రోజే.

మా గదిలో మూడు పడకలు. ఒకటి నాది. ఒకటి హైమది. హైమ పడక కింద ఉన్నది నా వియ్యపురాలు మంగతాయారుది. నా కొడుకూ ఆవిడ కూతురూ మంచుగనిలో ఉంటారు, ఆర్నెల్లకోసారి వస్తారు. పిల్లని మా ఇద్దరి మధ్యా పడేసి పోయారు. మంగతాయారు పడక నాలుగు నెలలుగా ఖాళీ. ఆవిడ పట్టుదలశాలలో ఉంది.

ఎందుకుందో తరవాత రాస్తాను. చెయ్యి లాగుతోంది.

రోజు 2

కోపంతో లేచి వెళ్ళి రాట్నం ఎక్కాను. పూర్తి గంట. "బద్ధకం" అన్న మాటని మెట్టు మెట్టుకీ కాలికింద వేసి తొక్కాను. దిగాక మనసు కడిగినట్టుంది. ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టాను, హైమకి వంట చేశాను, పక్కింటామెను కాసేపు దులిపాను. సాయంత్రం కోదండం ఎదురై చేతులు జోడించాడు.

"చూశారా! నే చెప్పలేదూ!"

వాడు చెప్పిందే నిజమైనందుకు ఒళ్ళు మండింది. అయినా సరే, నిజం నిజమే అనుకున్నాను.

రోజు 4

తల దిండుకి అతుక్కుంది. దీపం సూదిలా గుచ్చుతోంది. గొంతు వాచింది. హైమ ఏదో అడిగింది, అది వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయాను. ఇది పన్నెండుసార్లు ఆగి రాశాను.

రోజు 10

లేచి కూర్చున్నాను. ఆ మధ్యలో కోదండం రెండుసార్లు వచ్చాడట. "ఈ పొద్దు ఏం చేశారు?" అన్నాడట. పడుకున్న మనిషి ఏం చేస్తుంది? ఏమీ లేదని హైమ చెప్పిందట. "అదే మరి సమస్య" అన్నాడట.

నేను కూడా బుద్ధిగా వెతికాను. పడకెయ్యడానికి ముందు రోజు తిన్న నాచుకూర పడలేదేమో అనుకున్నాను. గదిలో గాలి తగ్గిందేమో అనుకున్నాను. రాట్నం మాట తట్టనే లేదు. రాట్నం తొక్కింది మొన్నకదా, తొక్కిన రోజు హాయిగా ఉన్నానుకదా. లెక్కల టీచర్నన్న పేరు ఎందుకో నాకు.

రోజు 11

నా పడక ఎక్కాలంటే రెండు మెట్లు. ఆ రెండూ ఎక్కలేకపోతున్నాను. హైమ నన్ను మంగతాయారు పడకలోకి మార్చింది.

"అమ్మమ్మ పడక నాయనమ్మా. పర్వాలేదా?" అంది. ఆ "పర్వాలేదా"లో చీపురుపుల్ల లాంటిదేదో ఉంది. గుచ్చుకోవాలనే అంది.

"దుప్పటి మార్చు," అన్నాను.

"ఉతికే పెట్టాను. ఆవిడ వస్తుందని."

వెల్లకిలా పడుకుంటే నా ముక్కుకి మూరెడు పైన హైమ పడక చెక్క. దాని నిండా గీతలు. మేకుతో గీసినవి. మంగతాయారు పనే. మూడేళ్ళు ఇక్కడ పడుకుని చెక్క పాడుచేసిందన్నమాట. కుట్టుపని నమూనా అనుకున్నాను. ఆవిడకి వచ్చింది అదొక్కటే.

రోజు 13

కుట్టుపని కాదు.

అడ్డంగా గళ్ళు. కొన్ని గళ్ళలో ఒక నిలువుగీత. కొన్నింట్లో చుక్కలు, ఒకటో రెండో మూడో. కొన్నింట్లో సున్నా. కొన్ని ఖాళీ. రోజుకో గడి. నిలువుగీత రాట్నం. చుక్కలు చిన్నాచితకా పని. సున్నా అంటే పడక మీదినుంచి లేవలేని రోజు. చదువు ఆరో తరగతితో ఆపేసిన మనిషి. మూడేళ్ళు నా పక్కనే, నాకు తెలియకుండా, ఊరంతా నిషేధించిన పని చేసింది.

నేను లెక్కపెట్టాను. రోజుకి రెండు వరుసలకంటే కళ్ళు ఒప్పుకోలేదు.

రోజు 17

నిలువుగీతలు తొంభై రెండు. వాటిలో ఎనభై మూడింటికి పక్క గడి ఖాళీ, ఆ పక్కదానినుంచి సున్నాలు. గీత, ఖాళీ, సున్నా సున్నా సున్నా సున్నా. గీత, ఖాళీ, సున్నా సున్నా సున్నా. ఇది కాకతాళీయం అనే విద్యార్థికి నేను కూడా సున్నాయే వేస్తాను.

దెబ్బ ఈ పొద్దు తగిలితే నొప్పి ఎల్లుండి వస్తోంది. మధ్యలో రెండు తుడుపులు. ఊరు ఊరంతా తడిగుడ్డ పట్టుకుని కారణాన్ని తుడిచేసి, మిగిలిన నొప్పిని చూసి "ఈ పొద్దు ఏం చేశావు?" అని అడుగుతోంది.

రెండో ఏడు సగంలో గీతలు ఆగిపోయాయి. ఆ వంతులు హైమ తొక్కిందని నాకు తెలుసు. మనవరాలి కాళ్ళరగదీస్తోందని వీధిలో చాటింది నేనే. ఆ తరవాత చుక్కలే. రోజుకి మూడు చుక్కలు దాటవు. ఎక్కడైనా దాటితే రెండు గళ్ళ తరవాత ఒక్క సున్నా. మళ్ళీ మూడుకి దిగుతుంది. మూడు, మూడు, మూడు, నెల తరవాత నాలుగు. ఓపిక అయిపోయాక ఆగడం కాదు, అయిపోకముందే ఆగడం. నాలుగు, నాలుగు. తరవాత ఐదు. ఆఖరి ఐదు నెలల్లో ఒక్క సున్నా లేదు.

ఆవిడ కోలుకుంటోంది. ఎవరూ చెప్పకుండా, మేకుతో, కోలుకుంటోంది.

రోజు 18

ఆఖరి వరుస గురించి నిన్న రాయలేదు. ఓపిక లేక కాదు.

చివర నాలుగు గళ్ళు పూర్తిగా ఖాళీ. ఒక్క చుక్క కూడా లేదు. ఐదో గడిలో తొమ్మిది చుక్కలు, పక్కన చిన్న గుండ్రం, మధ్యలో కన్నం. అది సున్నా కాదు. గారె.

ఆ రోజు నా డెబ్భయ్యో పుట్టినరోజు. మినుములు ఏడాదికి అరసేరు ఇస్తారు మనిషికి. ఆవిడ తన వాటా దాచింది. దానికి ముందు నాలుగు రోజులు మంచం దిగలేదు. "నా పుట్టినరోజు వస్తోందని ముందే పడకేశారా వదినగారూ?" అన్నాను నేను. ఆవిడ గోడవైపు తిరిగింది. ఓపిక కూడబెడుతోంది. పుట్టినరోజు పొద్దున లేచి, కూర్చుని, పిండి రుబ్బి, గారెలు వేసింది. నవ్వింది కూడా.

ఆ మధ్యాహ్నమే కోదండం సాక్ష్యానికి వచ్చాడు. "ఈ మనిషి ఈ పొద్దు తొక్కగలదా?" అని అడగడం రివాజు. నా నోట్లో గారె ఉంది. నేనన్న మాట ఇది, అక్షరం పోకుండా రాస్తున్నాను: "పొద్దున్నే లేచి పిండి రుబ్బింది, నా కళ్ళతో చూశాను. రుబ్బగలిగినావిడ తొక్కలేదా?"

మర్నాడు కూత మోగగానే తీసుకెళ్ళారు. మేము పలక తుడిచాం.

రోజు 19

హైమకి చెప్పాను. గీతలు చూపించాను, గారె చూపించాను, నా సాక్ష్యం చెప్పాను. అది రాట్నం రెండు గంటలు తొక్కి వచ్చి నేలమీద కూలబడి ఉంది.

"సాక్ష్యం నాకు తెలుసు నాయనమ్మా. నేను గుమ్మంలోనే ఉన్నాను."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"ఎలా అడగను? వెనకమాట కదా." నవ్వింది. ఆ నవ్వు చూడాలని ఏ నాయనమ్మా కోరుకోదు. "కిందటివారం చూడ్డానికి వెళ్ళాను. నేనెవరో పోల్చుకోడానికి అమ్మమ్మకి చాలాసేపు పట్టింది. కళ్ళకి గుడ్డ కట్టుకుంది. రాట్నం ఎక్కలేకపోతే ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఎక్కిస్తున్నారు. ఇంకో నెల ఇలాగే అయితే ఇంటికి తెచ్చినా లాభం ఉండదు."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? నీకా?"

 

రోజు 20

కోదండాన్ని పిలిపించాను. "మొన్న నేను రాట్నం—" అని మొదలుపెట్టానో లేదో, వైద్యాధికారి రెండు చెవులూ మూసుకున్నాడు.

"టీచర్ గారూ! వెనకమాట! పక్కింటివాళ్ళు వింటారు!"

"రెండు రోజుల తేడా చూడరా, అంతే—"

"నాకు వినపడలేదు. మీరేమీ అనలేదు. ఈ పొద్దు ఏం చేశారు?"

"ఒక గాడిదకి చదువు చెప్పబోయాను."

పలక మీద "బాగుంది" అని రాసి వెళ్ళిపోయాడు. చెక్క చూపిస్తే ఏమవుతుందో కూడా అర్థమైంది. వడ్రంగిని పంపి చిత్రిక పట్టిస్తాడు.

రోజు 24

ఈలోగా మంగతాయారు పద్ధతి నేను పాటిస్తున్నాను. ఆవిడ శిష్యురాలినయ్యాను, కర్మ. కూర్చోడం ఎనిమిది నిమిషాలు. ఇంకా కూర్చోగలననిపించినప్పుడే పడుకోవాలి. అదే కష్టం. అలసిపోయాక పడుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. అలసట రాకముందు, ఒంట్లో కాస్త ఉత్సాహం ఉండగా, కళ్ళు మూసుకుని దీపమార్పి పడుకోవడానికి సిగ్గు చంపుకోవాలి.

ఇంకో సంగతి కనిపెట్టాను. ఒకర్ని తీరిగ్గా తిట్టడానికి నాకు రెండు చుక్కల ఓపిక అవుతోంది. మొన్న మళ్ళీ వచ్చిన కోదండానికి రెండు, పక్కింటామెకి రెండు, మొత్తం నాలుగు. నా వాటా మూడు. ఇవాళ దానికి మూల్యంగా గొంతు వాచి పడుకుని ఉన్నాను. ఇకమీదట రోజుకి ఒక్కర్నే. మనిషిని ముందే ఎంచుకోవాలి.

రోజు 27

దారి దొరికింది. పడుకుని పైన చెక్కను చూస్తుంటే దొరికింది. నిన్నటి గురించి మాట్లాడటం నిషేధం. ఎల్లుండి గురించి మాట్లాడకూడదని ఎక్కడుంది?

హైమ ఒప్పుకోవడం లేదు.

"మళ్ళీ పూర్తి గంట తొక్కుతావా? అప్పుడు ఆరు రోజులు పడ్డావు. ఈసారి ఎన్నాళ్ళో! లేవకపోతేనో?"

"లెక్క నాది. నువ్వు తప్పులు పట్టకు."

"నాకు అమ్మమ్మ కావాలి. నువ్వు కూడా కావాలి."

"కూడా" అంది. నాకది చాలు.

రోజు 28

ఈ పత్రం వెనకవైపు కోదండం ఎనిమిదో తరగతి లెక్కలున్నాయి. ముప్పై మూడు. అందులో రెండు మార్కులు నేను కలిపినవే. ఇవాళ అవి వసూలు చేశాను.

"ఒరే కోదండం. మంచుబండి ఎల్లుండి వస్తుందని స్టేషను గోడమీద రాస్తారు కదా. పొద్దున కూతకి దాన్ని తుడుస్తారా?"

"ఎందుకు తుడుస్తారండీ. అది ఇంకా రాలేదు కదా."

"బాగుంది. అయితే ఈ పలక పట్టుకో."

నేను చెప్పాను, హైమ రాసింది. మూడే వరుసలు. "ఈ పొద్దు దమయంతి టీచరు పూర్తి గంట తొక్కుతుంది, బాగానే ఉంటుంది. రేపు కాస్త నీరసం. ఎల్లుండి రెండో కూతకి తల ఎత్తలేదు, దీపం చూడలేదు, పదమూడో ఎక్కం చెప్పలేదు."

"రేపు పొద్దున మొదటి వరుస తుడువు. ఎల్లుండి పొద్దున రెండోది తుడువు. మూడోది ఆ రోజుదే కాబట్టి ఆ రోజంతా ఉంచొచ్చు. వెనకమాట ఎక్కడైనా ఉందా?"

పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్నప్పుడు కూడా లెక్కని ఇలాగే, వెనకవైపు జవాబుందేమోనని చూసేవాడు.

"లేదండీ. కాని మీరు పదమూడో ఎక్కం చెప్పలేకపోవడమేమిటి! నిద్రలో లేపి అడిగినా చెబుతారు."

"చెప్పగలిగితే నన్ను పట్టుదలశాలకి పంపు. చెప్పలేకపోతే మంగతాయారుని ఇంటికి పంపు. కింద సంతకం పెట్టు."

నవ్వుతూ పెట్టాడు. టీచర్ గారి చాదస్తం అనుకుని ఉంటాడు.

తొక్కాను. పూర్తి గంట. వాడు పక్కనే నిలబడి మెట్లు లెక్కపెట్టాడు. దిగి నీళ్ళు తాగి, ఒడుపుగా నడిచి ఇంటికొచ్చాను. "ఎంత బాగున్నారు!" అన్నాడు. బాగానే ఉన్నాను. అదే కదా దీని దొంగతనం.

పలక వాడి దగ్గర ఉంది. ఇక నా చేతిలో ఏమీ లేదు.

రోజు 30

ఇది హైమ రాస్తున్నది. నాయనమ్మ రాయమని ముందే చెప్పి పెట్టింది.

రెండో కూతకి డాక్టర్ గారు వచ్చారు. పలక చొక్కా లోపల పెట్టుకుని తెచ్చారు. ఒక్క వరుసే మిగిలుంది. దీపం వెలిగించారు. నాయనమ్మ మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి నిలవలేదు, జారిపోయింది. ఆయన దీపం ఆర్పేశారు.

"టీచర్ గారూ. పదమూడు ఒకట్ల?"

నాయనమ్మ పెదాలు కదిలాయి. "పదమూడు."

"పదమూడు రెళ్ళు?"

 నాయనమ్మ "ఎవరు?" అంది.

డాక్టర్ గారు చీకట్లో మంచం పక్కన కూర్చున్నారు. "ఇరవై ఆరు," అన్నారు. "పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది. పదమూడు నాలుగులు యాభై రెండు." పది దాకా ఆయనే చెప్పుకున్నారు. తప్పు పోలేదు. నాయనమ్మకి వినపడిందో లేదో తెలియదు. నేను పైన చెక్క చూపించాను. తడిమి చూశారు, గారె దాకా. వడ్రంగి మాట ఎత్తలేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి నన్ను అడిగారు, చాలా మెల్లగా, అటూ ఇటూ చూసి: "మొన్న టీచర్ గారు ఏం చేశారు?"

రోజు 61

నేనే. రెండు వరుసలు.

మంగతాయారుని నేను పడిన మూడో రోజు మంచుబండి మీద తెచ్చారట. నాకు తెలియలేదు. ఇవాళ తల తిప్పితే పక్కన, నేలమీది పరుపులో ఉంది.

రోజు 83

ఇద్దరం మెట్లెక్కలేం. హైమ పై పడకలు రెండూ కోసి నేలమీదికి దించింది. గీతల చెక్క మా ఇద్దరి మధ్య గోడకి ఆనించింది. కళ్ళకి గుడ్డ కట్టుకుని ఒకావిడ, గుడ్డ లేకపోయినా తెరవలేక ఇంకొకావిడ. మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేనందువల్ల, వియ్యమందిన ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మా మధ్య సఖ్యత కుదిరింది.

ఇవాళ నా మూడు చుక్కలూ ఒకే పనికి పెట్టాను.

"వదినగారూ. మీ మీద సాక్ష్యం చెప్పింది నేను."

"తెలుసు." ఆవిడ గొంతు కాగితం నలిగినట్టుంది. "నిన్నటి మాట కదా. తుడిచేశాను."

"తుడవకండి."

"ఎందుకండీ?"

"మీరు తుడిచేస్తే నాకు సుఖం. అంత సుఖం నాకక్కర్లేదు."

ఆవిడ కళ్ళగుడ్డ సర్దుకుంది. 

"అయితే సరే," అంది. "తుడవలేదు. నిజానికి ఎప్పుడూ తుడవలేదు. నోట్లో గారె పెట్టుకుని చెప్పారు మీరు. చచ్చినా మర్చిపోను."

ఒళ్ళు తేలికపడింది. హైమ చేత ఆ సాక్ష్యం మాటని చెక్క మీద గారె పక్కన చెక్కించాను. అక్షరం పోకుండా.

రోజు 150

కూర్చోడం ఇరవై నిమిషాలు, రోజుకి మూడుసార్లు. మంగతాయారుకి పన్నెండు. మునుపటి ఐదు చుక్కల దాకా ఆవిడ ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. మేమిద్దరం రాట్నం ఎప్పటికీ ఎక్కమని మాత్రం తెలుసు. దానికి సిగ్గుపడటం మానేశాను, అదీ ఓపిక తింటోందని.

పట్టుదలశాలలో ఇంకా పందొమ్మిది మంది ఉన్నారు. కోదండం వారానికి ఇద్దరేసి చొప్పున ఎల్లుండి పలకలు రాయిస్తున్నాడు, గంట కాదు, పది నిమిషాలకే. పైవాళ్ళు అడిగితే "మంచుబండి టైము లాంటిదండీ" అంటున్నాడట. మరీ నెమ్మదిగా చేస్తున్నాడని ఇవాల్టి తిట్టు వాడికే కేటాయించాను.

రోజు 243

నాకు డెబ్భై ఒకటి. మినుములు ముగ్గురి వాటా కలిపి సేరున్నర.

చేస్తానంది మంగతాయారు. నేను వద్దన్నాను. హైమ పంపకం చేసింది: నానబెట్టడం నాది, పప్పు కడగడం ఆవిడది, రుబ్బడం హైమది, ఉప్పు వెయ్యడం, చేత్తో తట్టి నూనెలో వదలడం ఆవిడది. పడుకునే, పక్కన పొయ్యి పెట్టించుకుని, తలా నాలుగు వేసింది. పదమూడోది వెయ్యబోతుంటే హైమ చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, చాలు."

"ఇంకొకటి వెయ్యగలనే."

"అందుకే చాలు."

చెక్క మీద చోటు లేదు. నా పడక అంచు మీద మంగతాయారు మేకుతో గుండ్రం గీసి, మధ్యలో కన్నం పెట్టింది.

రోజు 245

పొద్దున కూత మోగింది. హైమ పలక తుడవడానికి లేవలేదు, ముగ్గురం మంగతాయారు వైపే చూస్తున్నాం, ఆవిడతో సహా. చెయ్యి ఎత్తింది. కళ్ళగుడ్డ తీసింది. దీపం వైపు చూసింది.

"ఏమిటలా చూస్తారు? ఆకలేస్తోంది," అంది.

మేకు తీసుకుని ఈ రోజు గడి నేనే గీశాను. లోపల ఏమీ పెట్టలేదు, సున్నా కూడా.

నిల్వ ఉంచిన గారె ఒకటి నాకిచ్చింది. ఉప్పెక్కువైంది. మొన్న కూడా ఎక్కువే. చెప్పలేదు. ఓపిక దాచుకున్నాను.